చెరువుకట్ట మీద ఆడదానికేం పని?

కాచిగూడలో మా ఇంటి మెట్లు దిగుతుంటే కింద వాటాలో ఉండే ఆవిడ పలకరిస్తుంది.

“ఎక్కడికండీ బయల్దేరారు?”

“ట్యాంక్‌బండ్‌కి.”

“ఎవరైనా వస్తున్నారా అక్కడికి?”

“లేదండీ, నేనొక్కదాన్నే.”

“ఏమైనా పనుందా?”

“పనేం లేదు. ఊరికే.”

ఆ ‘ఊరికే’ దగ్గర ఆవిడ ముఖం మారిపోతుంది. కాస్త జాలి, కాస్త అనుమానం. ఇంట్లో ఏదో గొడవ అయి ఉంటుందనుకుంటుంది. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. నాకు జ్వరమొస్తే చారు కాచి పంపించే మనిషి. ఆవిడ భర్త రోజూ సాయంత్రం ‘అలా తిరిగొస్తా’ అని చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు. ఈ 20 ఏళ్ళలో ఆయన్ని పనుందా అని అడిగినవాళ్ళు లేరు.

మగవాడు బయట ఉండటానికి కారణం అక్కర్లేదు. ఆడది బయట ఉండాలంటే కారణం కావాలి. కూరగాయలు, పిల్లల స్కూలు, గుడి, ఆస్పత్రి, ఆఫీసు. చేతిలో సంచీ ఉంటే ఎవరూ అడగరు. నేను చాలా ఏళ్ళు ఒక ఖాళీ గుడ్డసంచీ చేత్తో పట్టుకుని ఈ నగరమంతా తిరిగాను. బరకత్‌పురా మీదుగా నారాయణగూడ, అక్కడినుంచి చిక్కడపల్లి, అశోక్‌నగర్ దాటి ఇందిరా పార్కు, ఆ వెనక లోయర్ ట్యాంక్‌బండ్, గట్టెక్కితే హుస్సేన్‌సాగర్. దారి పొడుగునా ఆ సంచీయే నాకు పాస్‌పోర్టు. అందులో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

ఆ సంచీ గురించే ఈ వ్యాసం.

2021 ఆగస్టులో ఇందిరా పార్కు గేటు దగ్గర ఒక బ్యానర్ వెలిసింది. పెళ్ళికాని జంటలకు పార్కులోకి ప్రవేశం లేదని దాని సారాంశం. చాలామంది ఆడవాళ్ళు, హక్కుల కార్యకర్తలు ప్రశ్నించారు. జీహెచ్‌ఎంసీ అధికారులు విచారం వ్యక్తం చేసి బ్యానర్ తీసేయించారు. పత్రికలు రెండ్రోజులు రాసి ఊరుకున్నాయి. కథ సుఖాంతమని అందరూ అనుకున్నారు.

కాదు. బ్యానర్ ఒక్కరోజులో పుట్టలేదు కాబట్టి ఒక్కరోజులో పోదు. అది గుడ్డ మీదకి ఎక్కకముందు ఎన్నో దశాబ్దాలుగా వాచ్‌మన్ కళ్ళలో, వాకింగ్‌కొచ్చే పెద్దమనుషుల గొణుగుళ్ళలో, మన ఇళ్ళలో మన నోళ్ళలోనే ఉంది. తీసేసింది గుడ్డను మాత్రమే.

అసలు ఆ రూలును ఎలా అమలు చేస్తారో ఒక్కసారి ఆలోచించండి. ఒక ఆడా, ఒక మగా గేటు దగ్గరికొస్తారు. వాళ్ళకి పెళ్ళయిందో లేదో తెలిసేదెలా? మగవాడి ఒంటి మీద పెళ్ళి గుర్తు ఏదీ ఉండదు. కాబట్టి చూపు నేరుగా ఆడదాని మెడ మీదికి, తర్వాత కాలివేళ్ళ మీదికి పోతుంది. పుస్తెలున్నాయా, మెట్టెలున్నాయా? అంటే ‘పెళ్ళికాని జంటలు’ అని ఇద్దరి గురించి రాసిన రూలు తనిఖీ చేసేది మాత్రం ఒక్క ఆడదాని శరీరాన్నే. అన్నాచెల్లెళ్ళు వస్తే ఏం చూపించాలి? ఒకే క్లాసులో చదివేవాళ్ళు వస్తే? భర్త పోయినావిడ తన తోటి ఉద్యోగితో వస్తే? పుస్తెలు కట్టే ఆచారమే లేని మతంవాళ్ళు వస్తే?

ఇది నాకు అనుభవమే. మాది రిజిస్టర్ పెళ్ళి. మెడలో ఏమీ వేసుకోకూడదని ఇద్దరం కలిసే అనుకున్నాం. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం నగరంలోని ఒక పార్కులో చెట్టుకింద కూర్చుని ఇంటద్దె ఎలా సర్దుకోవాలా అని లెక్కలు వేసుకుంటున్నాం. వాచ్‌మన్ కర్ర నేలకేసి కొట్టుకుంటూ వచ్చాడు.

“ఏం సార్, ఫ్యామిలీయేనా?”

“నా భార్య” అన్నాడు మా ఆయన.

“మెడల ఏం లేదు మరి?”

నా మెడ గురించిన ప్రశ్న. అడిగింది మాత్రం నన్ను కాదు. నేను జవాబు చెప్పబోతే అతను నావైపు చూడనే లేదు. చివరికి, “జెర ఏసుకొని రావాలె సార్, మాకు పరేషాన్ అయితది” అని మా ఆయనకే సలహా చెప్పి వెళ్ళిపోయాడు. ఇంటద్దె లెక్క ఆ రోజు తేలలేదు. నాకు మిగిలింది ఒక్కటే: ఆ చెట్టుకింద నేను ఒక పౌరురాలిని కాను. ఒక మగవాడి సామాను. రసీదు చూపించకపోతే దొంగసొత్తు!

ఆ వాచ్‌మన్ మీద నాకు కోపం లేదు. నెలజీతం కోసం ఎండలో నిలబడేవాడు. ఆ కర్ర అతనిది, చూపు మాత్రం ఈ సమాజానిది.

ఇప్పుడు మన రాజ్యాంగం ఏమంటుందో చూద్దాం. 15వ అధికరణం రెండో క్లాజు చదివారా? కేవలం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు అనే కారణాలతో ఏ పౌరుణ్ణీ కొన్ని స్థలాలకు రానివ్వకుండా ఆపకూడదని అందులో ఉంది. ఏవా స్థలాలు? దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు. ఇంకా ప్రభుత్వ డబ్బుతో నడిచే, లేదా ప్రజల కోసం కేటాయించిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం కూడే చోట్లు. చెరువు, రోడ్డు, జనం కూడే చోటు! మన ట్యాంక్‌బండ్‌ని చూసి రాసినట్టు లేదూ?

అందులోకి చెరువు అన్న మాట ఊరికే రాలేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేద్కర్ వెంట వేలాదిమంది దళితులు నడిచారు. కుక్కలూ పశువులూ తాగే నీళ్ళు మనిషి తాగితే మైలపడతాయన్నవాళ్ళు వాళ్ళని కొట్టారు. పబ్లిక్ స్థలం అంటే ఎవరు పబ్లిక్ అనే ప్రశ్న ఈ దేశంలో మొదట గట్టిగా వేసింది ఒక చెరువు ఒడ్డునే. ఇవాళ మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబడి ఉంది. దాని ముందు ఫొటోలు దిగుతున్నాం. అదే చెరువు చుట్టూ ఆడపిల్ల మెడ వెతికే కళ్ళని మాత్రం మామూలే అనుకుంటున్నాం.

ఈ చెరువు వయసు 460 ఏళ్ళు దాటింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ కట్టించాడంటారు. తాగునీటికీ సాగుకూ కట్టిన చెరువు మన తరం వచ్చేసరికి మురుగు కలిసి ముక్కు మూసుకోవలసిన స్థితికి చేరింది. చుట్టూ ఆకర్షణలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. 1986లో అప్పటి ప్రభుత్వం కట్ట మీద 33 విగ్రహాలు నిలబెట్టింది. వాటిలో స్త్రీలు ఎందరు? ఇద్దరు. రుద్రమదేవి, మొల్ల. మగవాడి వేషంలో రాజ్యం చేసినావిడ ఒకరు, రామాయణం రాసినావిడ ఒకరు. వెయ్యేళ్ళ చరిత్రలో కట్ట మీద నిలబడే అర్హత మనలో ఇద్దరికే దొరికింది. అదీ రాయిగానో కంచుగానో మారాక! తర్వాత నీటి మధ్యకి బుద్ధుడు వచ్చాడు. 1990లో ఆ విగ్రహాన్ని తరలిస్తుంటే పడవ ఒరిగి మనుషుల ప్రాణాలు పోయాయి. విగ్రహం రెండేళ్ళకు పైగా చెరువు అడుగునే ఉండిపోయింది. 1992 డిసెంబర్‌లో గానీ పైకి లేవలేదు. ఆ పైన లుంబినీ పార్కు, నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ గార్డెన్స్, మొన్న మొన్న అమరవీరుల స్మారకం. అన్నీ చూడటానికి కట్టినవే. చూడటానికొచ్చిన ఆడమనిషికి కూర్చోవడానికి నీడ, వెళ్ళడానికి మరుగుదొడ్డి, ఇంటికి పోయే దారిలో దీపం, ఇవి మాత్రం ఎప్పుడూ చివర గుర్తొచ్చేవి.

ఒకసారి నేనూ, మా ఆడపడుచూ నీటి ఒడ్డున ఉన్న ఒక తోటకి వెళ్ళాం. ఆవిడకి షుగరు. గంట గడిచేసరికి బాత్‌రూమ్ కావాలంది. ఉంది, తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. పక్కనే గోడ వైపు తిరిగి ఇద్దరు మగవాళ్ళు పని కానిచ్చుకుంటున్నారు. మేం ఆటో చేసుకుని ఇంటికొచ్చేశాం. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ రాలేదు. ‘నీళ్ళు తాగకుండా వస్తే సరిపోతుంది వదినా, కానీ మాత్రలు వేసుకోవాలి కదా’ అంది. ఏ బ్యానరూ లేకుండానే ఆవిడకి ప్రవేశం నిషేధించబడింది.

2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచి పనే. ఇన్నాళ్ళూ చార్జీలకి మగవాళ్ళ జేబు వైపు చూసినవాళ్ళు బస్సెక్కి వస్తున్నారు. వచ్చాక? బస్సు దిగిన దగ్గర్నుంచి మొదలవుతుంది అసలు ప్రయాణం. అదే ఏడాది ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా సుమారు 450 కోట్ల రూపాయలతో స్టీల్ బ్రిడ్జి తెరిచారు. పైన కార్లు రయ్యిమని పోతాయి. కింద మనం రోడ్డు దాటడానికి చెయ్యెత్తి నిలబడతాం. నగరంలో డబ్బు ఎవరి కాలి కింద పరుస్తున్నారో తెలియడానికి బడ్జెట్ పుస్తకాలు చదవక్కర్లేదు.

ఇది అసాధ్యమైన పని కాదు. ఆస్ట్రియాలో వియన్నా నగరంవాళ్ళు 1990ల్లో ఒక సంగతి గమనించారు. తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కుల్లోంచి మాయమైపోతున్నారు, మగపిల్లలు అలాగే ఉంటున్నారు. కారణం వెతికితే ఉన్న జాగా అంతా మగపిల్లల ఆటలు ఆక్రమించాయని తేలింది. ఆడపిల్లలకు బుద్ధులు చెప్పకుండా పార్కుల్ని మార్చారు. దారులు వేశారు, ఒకే మైదానాన్ని భాగాలు చేశారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. మన దగ్గర తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్ల పార్కులో కనిపించకపోతే ‘పెద్దదయింది’ అంటాం.

‘ఇదంతా మీ రక్షణ కోసమే కదమ్మా’ అంటారు. ఈ మాటకి జవాబు చెప్పి తీరాలి, ఎందుకంటే మనలోనే సగంమంది దీన్ని నమ్ముతున్నాం.

ఈ దేశంలో స్త్రీల మీద నేరాల లెక్కల్లో ఏటా మొదటి స్థానంలో ఉండేది భర్త, అతని బంధువులు పెట్టే హింస. అత్యాచారాల కేసుల్లో అత్యధిక భాగం నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. మరి ఇంటి గుమ్మానికి ‘ఆడవాళ్ళకి ఇది క్షేమం కాదు’ అని ఎవరైనా బ్యానర్ కట్టారా? 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత మహిళా కండక్టర్లకి రాత్రి 8 దాటాక డ్యూటీ వేయొద్దని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. నేరం చేసింది మగవాళ్ళు, ఇంటికి పంపింది ఆడవాళ్ళని! 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు లేజర్ షోలోనూ, కోఠీ గోకుల్ చాట్‌లోనూ బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. దానికి గేట్ల దగ్గర తనిఖీలు పెంచారు గానీ జనాన్ని రావద్దనలేదు. అదే సరైన పద్ధతి. స్త్రీల విషయంలో మాత్రం రక్షణ అంటే స్త్రీలను అక్కడ లేకుండా చేయడం. 2014లో షీ టీమ్స్ వచ్చాయి. వేధించేవాణ్ణి పట్టుకునే వ్యవస్థ ఉండటం అవసరమే, కాదనను. కానీ కాపలా ఉంటేనే వెళ్ళగలిగే చోటు మనదెలా అవుతుంది?

‘జంటలు అసభ్యంగా ప్రవర్తిస్తున్నారు, పిల్లలతో వచ్చేవాళ్ళకి ఇబ్బంది’ అనేది ఇంకో వాదన. బహిరంగంగా అశ్లీలంగా ప్రవర్తిస్తే శిక్షించడానికి చట్టం ఎప్పటినుంచో ఉంది. అది పెళ్ళయినవాళ్ళకీ కానివాళ్ళకీ ఒకటే. ఎవరైనా తప్పు చేస్తే వాళ్ళని అడగండి. ఆడా మగా పక్కపక్కన కూర్చోవడమే తప్పనుకుంటే అది చట్టం మాట కాదు, కులం మాట.

అవును, కులం మాటే. 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ దగ్గర కండ్లకోయ పార్కులో ఒక జంటని బజరంగ్‌దళ్ కార్యకర్తలు పట్టుకుని బలవంతంగా తాళి కట్టించారు. వీడియో తీసి మరీ అందరికీ పంచారు. 2022 మే నెలలో సరూర్‌నగర్‌లో, అదే నెలలో బేగంబజార్‌లో, ఇష్టపడి పెళ్ళి చేసుకున్న పాపానికి భార్యల తరఫువాళ్ళు ఇద్దరు యువకుల్ని నడిబజారులో చంపేశారు. ఈ హత్యలకీ పార్కు బ్యానర్‌కీ సంబంధమేమిటని అడగొచ్చు. ఒక ఆడపిల్ల తనకు తానుగా ఒక మనిషితో మాట్లాడి, పోట్లాడి, అతనెలాంటివాడో తెలుసుకుని, కావాలనో వద్దనో తేల్చుకోవడానికి ఈ నగరంలో చోటెక్కడుంది? ఇంట్లో కుదరదు. హాస్టల్‌లో కుదరదు. హోటల్‌కి పోతే డబ్బు కావాలి, పేరు పోతుంది. మిగిలింది ఒక సిమెంటు బెంచీ, ఓ చెట్టు. ఆ బెంచీని కూడా లాక్కుంటే మిగిలేది పెద్దలు చూపించిన సంబంధం, పెళ్ళిచూపుల్లో పదినిమిషాలు. బ్యానర్ కట్టినవాళ్ళకి ఈ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ఆడపిల్ల ఎంచుకుంటుందేమోనన్న భయమే బ్యానర్ని కట్టించింది. ఆ భయమే కత్తి కూడా పట్టిస్తుంది.

మళ్ళీ కట్ట దగ్గరికి వద్దాం. తెల్లవారుజామున వెళ్ళి చూడండి. చీపుళ్ళు పట్టుకుని రోడ్లూడ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ చీకట్లో వాళ్ళని ‘ఇక్కడేం పని?’ అని ఎవరూ అడగరు. చీపురే జవాబు. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడకి బొగ్గుల కుంపటి జవాబు. సద్దుల బతుకమ్మ రోజు వేలమంది ఆడవాళ్ళు ట్యాంక్‌బండ్ మీద పాడి ఆడి పూలను నీళ్ళలో వదులుతారు. ఆ రాత్రి కట్టంతా మనదే. తలమీద బతుకమ్మ ఉంది కాబట్టి. చీపురు, కుంపటి, బతుకమ్మ. ఏదో ఒకటి మోస్తూ ఉంటే చాలు, ఆడది బయట ఉండొచ్చు. ఖాళీ చేతులతో నీళ్ళ వైపు చూస్తూ నిలబడితే?

నిలబడ్డాను. రెయిలింగు పట్టుకుని పొద్దుగూకే వేళ బుద్ధుడి వెనక ఎర్రబడుతున్న ఆకాశాన్ని చూస్తున్నాను. దారిన పోయే పెద్దాయన ఆగి, “ఏం కష్టమొచ్చిందమ్మా? ఇంటికి పోరాదూ” అన్నాడు. దూకుతానేమోనని ఆయన భయం! ఆయన మంచితనానికి నమస్కారం. ఈ చెరువు దగ్గర ఎందరి ప్రాణాలో కాపాడుతున్న లేక్ పోలీసులకూ నమస్కారం. కానీ మీరే చెప్పండి, ఒంటరిగా నీళ్ళ దగ్గర నిలబడ్డ మగవాణ్ణి చూస్తే కవి అనుకుంటారు. ఆడదాన్ని చూస్తే చావడానికొచ్చిందనో, ఎవరికోసమో ఎదురుచూస్తోందనో, బేరానికొచ్చిందనో అనుకుంటారు. చెరువుని చూడటానికే వచ్చిందన్న ఆలోచన ఒక్కరికీ రాదు. కట్ట కింద గుళ్ళో కట్టమైసమ్మ రాత్రనకా పగలనకా ఒంటరిగా కూర్చుంటుంది. ఆవిణ్ణి మాత్రం ఎవరూ ఏం పనని అడగరు. దండం పెట్టి కొబ్బరికాయ కొడతారు.

ఇందిరా పార్కు గోడకి ఇవతల ధర్నా చౌక్ ఉంది. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఎన్నిసార్లు ఆ రోడ్డు మీద బైఠాయించారో! 2017లో ధర్నా చౌక్‌ని ఊరి బయటికి తరిమేయాలని ప్రభుత్వం చూస్తే గొడవలయ్యాయి. 2018లో హైకోర్టు జోక్యం చేసుకున్నాక గానీ మళ్ళీ గొంతులు వినపడలేదు. గోడకి లోపల సేదతీరడం, బయట కొట్లాడటం. రెండూ వేరువేరనుకుంటాం. రెండింటికీ కావలసింది ఒక్కటే, నలుగురిలో భయం లేకుండా కూర్చోగలగడం. నీడలో కూర్చునే హక్కు లేనిదానికి ఎండలో కూర్చుని అరిచే హక్కు ఎన్నాళ్ళుంటుంది?

ముంబై గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో ఒక పుస్తకం రాశారు. స్త్రీలు పనీపాటా లేకుండా వీధుల్లో తిరగడమే ఒక హక్కు అని వాదించారు. చదివినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది, ఇదీ ఒక హక్కేనా అని. వరకట్నాలు, యాసిడ్ దాడులు, కూలిరేట్లు ఇన్ని ఉండగా పార్కులో కూర్చోవడం గురించి పోరాటమా? తర్వాత నా ఖాళీ సంచీ గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

పోయిన ఎండాకాలం ఇందిరా పార్కులో ఒక బెంచీ మీద కూర్చున్నాను. ఇరవై రెండు ఇరవైమూడేళ్ళ అమ్మాయి, చంకలో గ్రూప్స్ పుస్తకాల కట్ట, వచ్చి కాసేపు తచ్చాడింది. అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉంటోందట. చిన్న గదిలో అయిదుగురు, మధ్యాహ్నం కరెంటు పోయింది, లైబ్రరీలో సీటు దొరకలేదు.

“ఆంటీ, జెరసేపు ఈడ్నే కూసుంటరా? నిద్రొస్తుంది. ఒక్కదాన్నే పండుకోవాలంటే భయమైతుంది.”

“పడుకో అమ్మా, నేనుంటాను” అన్నాను.

పుస్తకాలు తలకింద పెట్టుకుని, చున్నీ ముఖం మీద కప్పుకుని రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఎదురుగా గడ్డిలో నలుగురు మగవాళ్ళు నాలుగు దిక్కులా కాళ్ళు చాపుకుని గురక పెడుతున్నారు. వాళ్ళకి కాపలా ఎవరూ లేరు. గంటసేపు నేను కదలలేదు. రేపు డిప్యూటీ కలెక్టర్ కాబోయే పిల్ల, చెట్టు కింద ఓ గంట నిద్రపోవడానికి ఒక ముసలిదాని కాపలా అడుక్కోవలసి వచ్చింది!

మనకి కావలసినవి పెద్ద కోరికలేం కావు. పొద్దుణ్ణుంచి పార్కు మూసేదాకా తాళం లేని మరుగుదొడ్లు. చెరువు చుట్టూ, బస్టాపు దాకా ఆరిపోని దీపాలు. కాపలావాళ్ళలో సగంమంది ఆడవాళ్ళు. ఎవరి మెడా, ఎవరి ఇంటిపేరూ అడగకూడదని వాళ్ళకి రాతపూర్వకంగా ఉత్తర్వు. పార్కుల గురించి నిర్ణయాలు చేసేచోట వాకర్స్ పెద్దమనుషులతోపాటు ఊడ్చే ఆడవాళ్ళు, హాస్టల్ పిల్లలు. వీటిని కార్పొరేషన్‌ని అడుగుదాం, గట్టిగానే అడుగుదాం.

కానీ ఒక పని ఎవర్నీ అడగకుండా మనమే చేయొచ్చు. ఆడవాళ్ళు ఎక్కువమంది ఉన్నచోటే ఇంకో ఆడది ధైర్యంగా కూర్చుంటుంది. ఈ ఆదివారం సాయంత్రం బయల్దేరండి. కూతుర్నో, అత్తగార్నో, పనికొచ్చే యాదమ్మనో పిలవండి, ఎవరూ రాకపోతే ఒక్కరే రండి. నేను ఇందిరా పార్కు దాటి కట్టెక్కి మొల్ల విగ్రహం దాకా నడిచొస్తాను. కింద వాటా ఆవిణ్ణి కూడా రమ్మన్నాను. “ఏం పనుందని?” అంది. “ఊరికే” అన్నాను. ఈసారి నవ్వింది. చూడాలి, వస్తుందేమో.

సంచీ మాత్రం ఇంట్లోనే పెట్టి వస్తున్నాను.